ఎంబసీ భద్రతా సిబ్బందికి 12 వారాల్లో విదేశీ భాష: ఏం నేర్పాలి, ఏం వదిలెయ్యాలి?

#1 ఎంవీపీ_ప్రసాద్

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక చిన్న కోర్సు ప్లాన్ వేస్తున్నాం. విదేశాల్లోని మన ఎంబసీలు, కాన్సులేట్లలో భద్రతా పనికి కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు 20 మంది. మొత్తం 12 వారాలు, వారానికి 5 రోజులు, రోజుకు 4 గంటలు. భాషలు నాలుగు: ఫ్రెంచ్, అరబిక్, రష్యన్, దరీ (ఆఫ్ఘనిస్తాన్‌లో మాట్లాడే పర్షియన్). భాషకు ఐదుగురు. అందరికీ హిందీ బాగా వచ్చు, ఇంగ్లీషు అంతంతమాత్రం.

నాకు తేలాల్సినవి: ఈ గంటలకు ఏ స్థాయి ఆశించొచ్చు, సిలబస్‌లో ఏం పెట్టాలి, టీచర్లను ఎక్కణ్నుంచి తేవాలి. మామూలు స్పోకెన్ కోర్సు పుస్తకం తీస్తే మొదటి పాఠమే "మా కుటుంబం", రెండోది "నా హాబీలు". గేటు దగ్గర నిలబడేవాడికి అదెందుకో అర్థం కావట్లేదు.

#2 సీతమ్మధార_సూరి

ముందు లెక్క. 12 × 5 × 4 = 240 గంటలు.

అమెరికా విదేశాంగ శాఖకు వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాళ్ల దౌత్యవేత్తలూ, భద్రతా అధికారులూ భాష నేర్చుకునేది అక్కడే. కొలత 0 నుంచి 5 వరకు, మధ్యలో ప్లస్‌లు ఉంటాయి. 1 అంటే రోజు గడుపుకోగలడు, 2 అంటే అలవాటైన పని నడుపుకోగలడు, 3 అంటే ఉద్యోగ విషయాలు ధాటిగా మాట్లాడగలడు. ఇంగ్లీషు మాతృభాషైనవాడు 3కి చేరడానికి ఫ్రెంచ్, స్పానిష్ లాంటివాటికి 600 నుంచి 750 క్లాసు గంటలు, రష్యన్, దరీలకు 1100, అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్‌లకు 2200 గంటలు వేస్తారు. తమాషా ఏంటంటే మన తెలుగు కూడా ఆ 1100 గంటల గుంపులోనే ఉంది.

కాబట్టి మీ 240 గంటలకు నా అంచనా: ఫ్రెంచ్‌లో 1 దాటి 1+ దగ్గరికి, రష్యన్‌లో 1, దరీలో 1 (హిందీ ఉంది కాబట్టి కాస్త పైకి), అరబిక్‌లో 0+. బ్రోచర్‌లో ఇంతకు మించి రాస్తే అది అబద్ధమే.

భాషకు ఐదుగురు అన్నది మాత్రం మంచి పని. 240 నిమిషాల క్లాసులో 20 మంది కూర్చుంటే ఒక్కొక్కడి నోటికి దక్కేది 12 నిమిషాలు. ఐదుగురైతే 48.

#3 గాజువాక_గని

1 అంటే టీ కొనుక్కోవడం, ఆటో బేరమాడటం కదా అన్నా. ఆ మాత్రం భాషతో గేటు దగ్గర ఏటి పని అవుతాది?

#4 డాల్ఫిన్స్_నోస్

అవుతుంది గనీ. స్థాయి తక్కువైనా పరిధి ఇరుగ్గా ఉంటే చాలు. గేటు భాష చాలా ఇరుకు.

1961 వియన్నా ఒప్పందం 22వ అధికరణం ప్రకారం మన ఆవరణలోకి ఆ దేశపు పోలీసు మన అనుమతి లేకుండా రాకూడదు. బయట రక్షణ ఇచ్చే బాధ్యత ఆ దేశానిది. అంటే మనవాడి ముందుకొచ్చేది మూడు రకాల మనుషులు: లోపలికి రావాలనుకునే సందర్శకుడు, గోడ బయట నిలబడ్డ ఆ దేశపు పోలీసు, లోపల పనిచేసే స్థానిక ఉద్యోగి. ముగ్గురితోనూ మాట్లాడే తీరు వేరు. సిలబస్‌ను పాఠాల వారీగా కాకుండా ఈ ముగ్గురి వారీగా విడగొట్టండి.

సందర్శకుడి దగ్గర జరిగే తంతు ఎప్పుడూ ఒకటే. ఆపడం, గుర్తింపు కార్డు అడగడం, ఎవరిని కలవాలో అడగడం, పేరు జాబితాలో చూడడం, ఫోను డిపాజిట్ చేయించడం, బ్యాగు తెరిపించడం, కూర్చోమనడం లేదా వెనక్కి పంపడం. వాహనమైతే ఇంజను ఆపించి, బానెట్, డిక్కీ తెరిపించి, కింద అద్దం పెట్టి చూసేదాకా డ్రైవరును పక్కన నిలబెట్టడం. వీటన్నిటికీ 60 వాక్యాలు కంఠతా, 400 మాటలు చెవికి తెలిస్తే సరిపోతుంది.

అసలు కష్టం మన నోట్లో లేదు, అవతలివాడి జవాబులో ఉంది. "ఎవరిని కలవాలి?" అని అడగడం మొదటి వారంలోనే వస్తుంది. దానికి వాడు ఊపిరి తిప్పుకోకుండా నలభై మాటలు చెప్తాడు. అందులోంచి పేరు, టైము, అంకె ఏరుకోవడమే మనం నేర్పాల్సింది. అందుకని క్లాసు టైములో రెండు వంతులు వినడానికి, ఒక వంతు మాట్లాడడానికి పెట్టండి. మామూలు స్పోకెన్ కోర్సుల్లో ఇది తలకిందులుగా ఉంటుంది.

#5 సీతమ్మధార_సూరి

నోస్ గారి మాటకు ఒకటి కలుపుతా. మొదటి రెండు వారాలూ అంకెలు తప్ప ఇంకేమీ వద్దు అన్నా నేను ఒప్పుకుంటా. కొంపలు మునిగేది అక్కడే. వాక్యంలో వ్యాకరణం తప్పితే అవతలివాడు నవ్వుకుంటాడు. బండి నంబరు తప్పితే వేరే బండిని ఆపుతాం.

ఫ్రెంచ్: 70ని అరవై-పది అంటారు, 80ని నాలుగు-ఇరవైలు, 90ని నాలుగు-ఇరవైలు-పది. ఫోను నంబర్లు జంటలుగా చదువుతారు. "సువాసాంత్ దూజ్" అని వినగానే కొత్తవాడు 60 రాసి, పక్కన 12 రాస్తాడు. చెప్పింది 72. మందు ఒకటే: "సువాసాంత్" వినగానే పెన్ను ఎత్తి ఆగాలి, తర్వాతి మాట వినేదాకా రాయకూడదు. దీన్ని డ్రిల్లుగా చేయించాలి. బెల్జియం, స్విట్జర్లాండ్, కాంగో (కిన్షాసా) వాళ్లకు ఈ గొడవ తక్కువ, 70కి "సెప్తాంత్", 90కి "నొనాంత్" అంటారు. పోస్టింగ్ ఎక్కడో తెలిస్తే అదే నేర్పండి.

అరబిక్: రెండు ఉచ్చులు. ఒకటి పలకడంలో, 24ని "నాలుగూ ఇరవై" అంటారు. ఒకట్ల స్థానం ముందొస్తుంది కాబట్టి కొత్తవాడు 42 రాస్తాడు. రెండోది రాతలో. ఈజిప్టు నుంచి ఇరాక్ దాకా నంబరు ప్లేట్ల మీద కనిపించే అంకెల్లో సున్నా ఒక చుక్క, మన సున్నాలా గుండ్రంగా కనిపించేది ఐదు, మన 7లా కనిపించేది ఆరు. ఏడు ఇంగ్లీషు వీ అక్షరంలా, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు ఉంటాయి. టోకెను తలకిందులుగా పట్టుకుంటే 7 కాస్తా 8 అయి కూర్చుంటుంది. ప్లేట్ల ఫొటోలు 200 తీసి, ఒక్కోటి రెండు సెకన్లు చూపించి రాయించండి.

రష్యన్: 12 "ద్వినాద్సత్", 19 "దివిత్నాద్సత్". వాకీటాకీలో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి.

దరీ: 7 "హఫ్త్", 8 "హష్త్". తేడా అంతా మధ్యలో ఉన్న ఒక్క ఊదుడు శబ్దంలో ఉంది. ఫోనులో అది కూడా పోతుంది.

#6 భీమిలి_కెరటం

ఆ ఫోనులో పోయేది ఎందుకు పోతుందో చెప్తా. పాత టెలిఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్‌జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. స, ఫ లాంటి ఊదుడు శబ్దాల బలమంతా అంతకంటే పైన ఉంటుంది. అది కత్తిరించేశాక మిగిలేది దాదాపు ఒకే "హుష్". వాకీటాకీ అయితే ఇంకా అన్యాయం.

అందుకే స్టూడియోలో రికార్డు చేసిన శుభ్రమైన ఆడియోతో ప్రాక్టీసు చేసినవాడు డ్యూటీలో తెల్లమొహం వేస్తాడు. ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఉచితంగా దొరికే ఆడాసిటీ అయినా సరే, తీసుకుని పాఠాల ఆడియోను 300–3400 మధ్యకు కోసెయ్యండి. బీచ్‌రోడ్డు మీదో జగదాంబ సెంటర్లోనో సాయంత్రం అరగంట ట్రాఫిక్ రికార్డు చేసి దాని వెనక కలపండి. మొదట గొంతు పైకి, రొద కిందికి. వారం వారం రొద పెంచుకుంటూ పోవాలి. ఆరో వారానికి గొంతూ రొదా సమానమవ్వాలి.

ఇంకో మాట. అనుమానం ఉన్న అంకెను తిరిగి చెప్పి "అవునా?" అని అడగడం నాలుగు భాషల్లోనూ మొదటి రోజే నేర్పాలి. "సరిగా వినపడలేదు" అనడానికి సిగ్గుపడి తల ఊపేవాడి వల్లే సగం తప్పులు.

#7 గాజువాక_గని

ఆగు, చేతులు పైకెత్తు, ఇట్టాంటి ఆర్డర్లు ముందు నేర్పరా? ఈ అంకెలూ జాబితాలూ అన్నీ తర్వాతే కదా.

#8 డాల్ఫిన్స్_నోస్

నేర్పాలి. మెట్లు మెట్లుగా నేర్పాలి. తెలుగులోనే చూడు: "కాస్త ఆగండి సార్", "ఆగండి", "ఆగు!". మూడూ వేర్వేరు పనులు చేస్తాయి. కొత్త భాషలో మనవాళ్లకు సినిమాల్లో విన్న మూడోది ఒక్కటే నోటికొస్తుంది. రష్యన్‌లో "స్తోయ్" అంటే మన "ఆగు"నే, వయసులో పెద్దాయన్ని అలా అంటే గొడవ అక్కడే మొదలవుతుంది. గేటు దగ్గర చెప్పాల్సింది "అస్తనవీతెస్, పఝాలుస్తా". తర్వాతి మెట్టు "స్తోయ్‌త్యె". నిజంగా ప్రమాదం అనిపిస్తేనే "స్తోయ్". ఫ్రెంచ్‌లో కూడా మామూలుగా "అరెతే వూ, సిల్ వూ ప్లే", ఆఖరి మెట్టు "అల్త్!".

అరబిక్‌లో ఇంకో చిక్కు. పుస్తకంలో "కిఫ్" అని ఉంటుంది, ఆ "క" గొంతు లోపలి నుంచి రావాలి. కైరో వీధిలో ఆ అక్షరం గొంతు నొక్కులా మారిపోతుంది, గల్ఫ్‌లో "గ" అవుతుంది. అంటే పుస్తకం "కిఫ్" గల్ఫ్‌లో "ఓగఫ్" అయి తగులుతుంది. వార్తల్లో వినే ప్రామాణిక అరబిక్ ఎవరి ఇంటి భాషా కాదు. మనం ప్రామాణికంలో అడిగితే వాళ్లకు అర్థమవుతుంది, వాళ్ల వీధి మాటలో జవాబు చెప్తే మనకు అర్థం కాదు. కాబట్టి పలకడం ప్రామాణికంలో, వినడం పోస్టింగ్ దేశపు మాండలికంలో నేర్పితే 240 గంటలకు గిట్టుబాటు.

ఆడ, మగ తేడా కూడా అక్కడే. కార్డు అడగాలంటే మగవాళ్లతో "హువియ్యతక్, లౌ సమహ్త్", ఆడవాళ్లతో "హువియ్యతిక్, లౌ సమహ్తి".

#9 అక్కయ్యపాలెం_అనసూయ

దరీ వాళ్లకు నా తరఫున ఒక శుభవార్త, ఒక హెచ్చరిక.

శుభవార్త: మన కచేరీ (సర్కారు ఆఫీసు) తెలుగులో సగం మాటలు పర్షియన్, అరబిక్ నుంచి వచ్చినవే. జవాబు, ఖాళీ, సామాను, దర్వాజా, హాజరు, తారీఖు, కాగితం, అసలు. దరీ క్లాసు మొదటి రోజు బోర్డు మీద ఇవి రాస్తే కుర్రాళ్ల మొహాలు వెలుగుతాయి. ఓ వంద మాటలు ఉచితంగా వచ్చినట్టే.

హెచ్చరిక: అదే వందలో కొన్ని మోసం చేస్తాయి, అదీ భద్రతా పనిలో నోట్లో ఎప్పుడూ నానే మాటలే. పర్షియన్‌లో "జవాన్" అంటే కుర్రవాడు, పడుచువాడు. "నేను జవాన్ని" అని పరిచయం చేసుకుంటే నలభై ఏళ్ల హవల్దారు తన వయసు గురించి గొప్పలు పోతున్నట్టుంటుంది. "తారీఖ్" తేదీయే, చరిత్ర కూడా అదే మాట. అన్నిటికంటే ముఖ్యం "బందోబస్తు". ఇరాన్ పర్షియన్‌లో అది తెరవెనక లాలూచీ, కుమ్మక్కు. స్థానిక పోలీసు అధికారితో "రేపటి బందోబస్తు గురించి మాట్లాడదాం" అని గర్వంగా అన్నారనుకోండి, ఆయన ఏమనుకుంటాడో ఊహించుకోండి.

ఇక వకీలు. అరబిక్‌లో "వకీల్" అంటే ఏజెంటు, ప్రతినిధి. గేటు దగ్గర ఎవరైనా తాను ఫలానా వారి "వకీల్" అంటే లాయరని రిజిస్టర్‌లో రాయకండి.

#10 ఎంవీపీ_ప్రసాద్

అనసూయ గారూ, "బందోబస్తు" మాకు దాదాపు తగిలేదే! మా డ్రాఫ్టు దరీ వాక్యాల్లో ఆ మాట మూడు చోట్ల ఉంది. ఇప్పుడే తీసేస్తున్నా.

టీచర్ల సంగతి చెప్పండి. ఆంధ్రా యూనివర్సిటీలో చాలా దేశాల విద్యార్థులున్నారు కదా. గంటకింత అని ఇచ్చి మాట్లాడించే పనికి పెట్టుకుంటే?

#11 సీతమ్మధార_సూరి

ప్రసాద్ గారూ, ఆగండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ డబ్బు తీసుకుని పని చెయ్యకూడదు. మీరు ఇచ్చేది గంటకు రెండొందలైనా ఇబ్బంది పడేది ఆ విద్యార్థే. పైగా మీ క్లాసులో డ్రిల్లు అంటే గేటు తనిఖీ ఎలా జరుగుతుందో వివరంగా చూపించడమే. దాన్ని బయటివాళ్ల ముందు పెట్టడం సబబు కాదు.

సరైన దారి: టీచరు మనదేశపు మనిషి, గొంతులు మాత్రం ఆ దేశాల రికార్డింగులు. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) చదివినవాళ్లను అడగండి, రష్యన్, ఫ్రెంచ్, అరబిక్, పర్షియన్ నేర్చుకున్నవాళ్లు దొరుకుతారు. ఢిల్లీలో రక్షణ శాఖ స్కూల్ ఆఫ్ ఫారిన్ లాంగ్వేజెస్ 1948 నుంచి ఉంది, దుబాసీ (ఇంటర్‌ప్రెటర్) కోర్సు దాకా నేర్పుతుంది. అక్కడ చదివి రిటైరైన సైనికోద్యోగి మన తూర్పు నౌకాదళం ఊళ్లో దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతాడు? రష్యన్ సంగతైతే చెప్పక్కర్లేదు. బీచ్‌రోడ్డులో మ్యూజియం అయి కూర్చున్న కురుసుర జలాంతర్గామి సోవియట్ తయారీ, మన నౌకాదళంలో చేరింది 1969లో రీగాలో. స్టీల్‌ప్లాంటూ సోవియట్ సహకారంతో కట్టిందే.

#12 భీమిలి_కెరటం

టీచరును ఎంచేటప్పుడు సాహిత్యం ఎమ్మేకు మురిసిపోకండి. పది వాక్యాలిచ్చి "వీటిని ఫోనులో, చిరాకు గొంతుతో, వేగంగా చదవండి" అనండి. చదవగలిగితే పెట్టుకోండి.

#13 గాజువాక_గని

ఉచ్చారణ తెలుగులో రాసుకోవచ్చా లేదా? కుర్రోళ్లంతా అదే చేస్తారు, కాదంటే పుస్తకం కిందెట్టి రాస్తారు.

#14 అక్కయ్యపాలెం_అనసూయ

రెండు వారాలు రాసుకోనివ్వండి, మూడో వారం నుంచి ఆపెయ్యండి.

మన లిపి కొన్నిట్లో బంగారం. ఎ, ఏ తేడా, అ, ఆ తేడా రాతలోనే ఉంది కాబట్టి అరబిక్ దీర్ఘాలు మనవాళ్లు ఇంగ్లీషు వాళ్లకంటే తొందరగా పట్టేస్తారు. ఒత్తులు సరేసరి.

కానీ మూడు చోట్ల ముంచుతుంది. ఒకటి, రష్యన్‌లో ఊనిక. "జామక్" అని మొదట్లో నొక్కితే కోట, "జమోక్" అని చివర నొక్కితే తాళం. ఊనిక లేని "ఒ" రష్యన్ నోట్లో "అ" అయిపోతుంది కూడా. ఊనిక గుర్తు పెట్టకుండా తెలుగులో రాసుకున్నవాడు తాళం అడగబోయి కోట అడుగుతాడు. రెండు, అరబిక్‌లో మనకు లేని శబ్దాలు. లోగొంతు "కల్బ్" గుండె, మామూలు "కల్బ్" కుక్క. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, చూశారుగా, ఇక్కడ నేనే విడదీయలేకపోయాను. మూడు, మాట చివర అచ్చు తగిలించే మన అలవాటు. స్టాపు, బస్సు, గేటు అన్నట్టే "స్తోయి" అంటారు. రోజూ క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు, హల్లుతో ఆగిపోయే మాటలు ఇరవై, నోరు మూసి ముగించేలా పలికించాలి.

#15 పెదవాల్తేరు_పద్మ

ఇప్పటిదాకా ఎవరూ పేర్ల సంగతి ఎత్తలేదు. సందర్శకుల జాబితాలో పేరు దొరక్క నిజమైన అతిథిని అరగంట ఎండలో నిలబెట్టడం గేటు దగ్గర మామూలు తప్పు.

స్పానిష్ వాళ్లకు ఇంటిపేర్లు రెండు, తండ్రిది ముందు, తల్లిది వెనక. జాబితాలో వెతకాల్సింది తండ్రిది, అంటే చివరి మాట కాదు. చైనా వాళ్లకు మనలాగే ఇంటిపేరు ముందు. రష్యన్‌లో మధ్యది తండ్రి పేరు నుంచి వచ్చింది, ఇంటిపేరు ఆడవాళ్లకు "ఆ" చేరి మారుతుంది కాబట్టి భార్యాభర్తల ఇంటిపేర్లు అక్షరం తేడాగా ఉండడం అనుమానం కాదు. బర్మా, ఇండోనేషియా వాళ్లలో చాలామందికి ఇంటిపేరే ఉండదు, ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలినందుకు వెనక్కి పంపకూడదు. అరబిక్‌లో "అబ్దుల్ రహమాన్" అంతా కలిపి ఒకే పేరు, "అబ్దుల్" అని విడిగా వెతికితే దొరకదు. ఒకే పేరు ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగుల్లో వస్తుంది కూడా. అందుకని వినికిడితో కాకుండా పాస్‌పోర్టు నంబరుతో సరిచూడడం అలవాటు చెయ్యాలి.

పేరును అక్షరం అక్షరం చెప్పించుకోవడం కూడా నేర్పండి. రష్యన్‌లో "ఆనా, బరీస్, వసీలీ" అంటూ మనుషుల పేర్లతో చెప్తారు. అది తెలియనివాడు ఫోనులో ముగ్గురు సందర్శకులు వస్తున్నారని రాసుకుంటాడు.

#16 గాజువాక_గని

😂 ముగ్గురికీ టీ కూడా చెప్తాడు.

#17 పెదవాల్తేరు_పద్మ

ఆఫ్రికా పోస్టింగ్ వాళ్లకు గడియారం గురించి ఒక్క ముక్క. స్వాహిలీలో పగటి లెక్క ఉదయం ఆరు నుంచి మొదలు. "సా మోజా" అంటే మాట ప్రకారం ఒంటిగంట, మన గడియారంలో ఉదయం 7. "సా న్నె" అంటే నాలుగు అని అర్థం, మీటింగు మాత్రం 10కి. ఇథియోపియాలోనూ ఇదే పద్ధతి, పైగా వాళ్ల సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక, నెలలు 13. కార్డు మీద గడువు తేదీ చూసి "ఎప్పుడో అయిపోయింది" అనేముందు ఏ క్యాలెండరో చూడాలి. ఇరాన్ సౌర సంవత్సరం అయితే 621 కలపాలి, జనవరి నుంచి మార్చి మూడో వారం లోపు అయితే 622.

#18 ఎంవీపీ_ప్రసాద్

ఇదంతా చదువుతుంటే ఒకటి అనిపిస్తోంది. ఎంబసీలో స్థానిక ఉద్యోగులు ఉంటారు, దుబాసీలు ఉంటారు. కష్టమైనవి వాళ్లకు వదిలేస్తే పోదా?

#19 డాల్ఫిన్స్_నోస్

కొన్ని వదిలెయ్యాలి. కొన్ని వదలకూడదు. ఆ గీత ఎక్కడో కోర్సులోనే చెప్పాలి.

అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2009లో వాళ్ల దౌత్య భద్రతా విభాగం మీద ఇచ్చిన నివేదికలో, ప్రాంతీయ భద్రతా అధికారుల్లో 53 శాతం మందికి తమ పోస్టు కోరే స్థాయిలో ఆ భాష మాట్లాడడం, చదవడం రాదని తేలింది. అందులో ఒక ఉదంతం: రహస్య సమాచారం ఇవ్వడానికి ఒకతను ఫోను చేస్తే, అధికారికి భాష రాక ఆ కాలును స్థానిక ఉద్యోగికి కలిపారు. సమాచారం ఇచ్చేవాడు ఎవరో బయటపడే ప్రమాదం తెచ్చిపెట్టినట్టే కదా. అంత డబ్బు, అంత పెద్ద శిక్షణ సంస్థ ఉన్నవాళ్ల పరిస్థితి అది.

కాబట్టి మనవాడికి రావాల్సిన ఒక వాక్యం, ఏ భాషలోనైనా: "మీ పేరు చెప్పకండి, లైనులో ఉండండి, మా అధికారి మాట్లాడతారు." మొదటి నెలలోనే ఇది నిద్రలో లేపి అడిగినా రావాలి.

దుబాసీతో పని చేసేటప్పుడు పొట్టి వాక్యాలు, ఒక్కోసారి ఒకే ప్రశ్న. దుబాసీ కళ్లలోకి కాదు, సందర్శకుడి కళ్లలోకి చూసి అడగాలి. "ఆయన్ని పేరు అడుగు" అని కాదు, "మీ పేరేంటి?" అనే. అంకెలు, పేర్లు, చోట్లు కాగితం మీద సందర్శకుడి చేతే రాయించాలి. దుబాసీ రెండు నిమిషాలు మాట్లాడించి "ఏం లేదంటున్నాడు" అని తేల్చేస్తే ఒప్పుకోకూడదు. అక్కడే మనవాడికి తెలిసిన 400 మాటలు అక్కరకొస్తాయి: మధ్యలో బండి, రేపు, డబ్బు అన్న మాటలు చెవిన పడ్డాయని తెలిస్తే మళ్లీ అడుగుతాడు.

#20 భీమిలి_కెరటం

బెదిరింపు ఫోనుకు ఒక కాగితం ఫారం రెండు భాషల్లో అచ్చేయించి ఫోను పక్కనే అంటించాలి. ఎడమ పక్క అడగాల్సినవి, ఆ భాషలో, ఉచ్చారణతో సహా: ఎక్కడ పెట్టావు, ఎప్పుడు పేలుతుంది, చూడ్డానికి ఎలా ఉంటుంది, ఎందుకు. కుడి పక్క మనవాడు టిక్కు పెట్టాల్సినవి: ఆడా మగా, వయసు, యాస, తాపీగా ఉన్నాడా ఆవేశంగా ఉన్నాడా, వెనక ఏం శబ్దాలు. కింద సగం పేజీ ఖాళీ. అర్థం కాకపోయినా చెవికి వినిపించింది వినిపించినట్టు తెలుగులోనే గిలకడానికి. అనసూయ గారు మూడో వారం నుంచి తెలుగు లిపి ఆపమన్నారు, ఈ ఒక్కచోట మాత్రం అదే కాపాడుతుంది. ఆ గిలుకుడును భాష వచ్చినవాడు తర్వాత చదివి చాలావరకు తిరిగి కట్టగలడు, "ఏదో అన్నాడు సార్" అంటే మాత్రం ఎవడూ ఏమీ చెయ్యలేడు. మనంతట మనం ఫోను పెట్టెయ్యకూడదని ఫారం నెత్తిమీద పెద్దక్షరాలతో ఉండాలి.

#21 పెదవాల్తేరు_పద్మ

ఆన్‌లైన్ ట్యూటర్ల దగ్గర జాగ్రత్త. మొదటి పాఠమే "మీరేం చేస్తారు, ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పుడు". నేర్చుకునే ఉత్సాహంలో అన్నీ నిజాలే చెప్పేస్తారు. ప్రతి అభ్యర్థికి ఒక కల్పిత ఉద్యోగం ఇచ్చి (హోటల్ రిసెప్షన్ బాగా సరిపోతుంది, గేటు మాటలు దాదాపు అవే) ఆ వేషంలోనే మాట్లాడమనండి. అలాగే డ్యూటీ కాగితాలు, లోపలి సర్క్యులర్లు ఫోనులోని అనువాద యాప్‌లో పెట్టకూడదు. అక్కడ పెట్టింది వేరెవరి సర్వరుకో వెళ్తుంది. గేటు దగ్గర "కూర్చోండి" అనే మాట వెతుక్కోవడానికి యాప్ వాడుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు.

#22 ఎంవీపీ_ప్రసాద్

చాలా వరకు సర్దుకుంది. మార్చిన ప్లాను ఇది:

1, 2 వారాలు శబ్దాలు, అంకెలు, "మళ్లీ చెప్పండి", "అవునా?". 3 నుంచి 5 వరకు సందర్శకుడు. 6, 7 వాహనం, ప్లేట్లు. 8 ఫోను, బెదిరింపు ఫారం. 9 పేర్లు, తేదీలు, గడియారం. 10 స్థానిక పోలీసుతో, దుబాసీతో. 11 రాత్రి, వాన, రొదలో డ్రిల్లులు. 12 పరీక్ష.

పరీక్ష ఎలా పెట్టాలి? రాతపరీక్ష అనుకున్నాం.

#23 సీతమ్మధార_సూరి

రాతపరీక్ష వద్దు. పది ఫోను కాల్స్, ఒక్కోటి నలభై సెకన్లు, ఒక్కసారే వినిపించాలి, కెరటం చెప్పిన రొదతో. అభ్యర్థి రాయాల్సింది మూడే: ఎవరు, ఎప్పుడు, ఏ నంబరు. నంబరులో ఒక్క అంకె తప్పినా ఆ కాలుకు సున్నా. తర్వాత గేటు నటన ఆరు నిమిషాలు. అందులో కనీసం ఒక సందర్శకుడు సిలబస్‌లో లేని మాటలే మాట్లాడాలి. అక్కడ అభ్యర్థి అర్థమైనట్టు నటిస్తే ఫెయిలు, మర్యాదగా ఆపి అధికారిని పిలిస్తే పాసు.

కోర్సు అయ్యాక పోస్టింగ్‌కు ఆరు నెలలు పట్టిందనుకోండి, సగం ఆవిరైపోతుంది. రోజుకు అరగంట చాలు, పదిహేను నిమిషాలు వినడం, పదిహేను అంకెలు. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే ఇదే నయం.

#24 గాజువాక_గని

ఫెయిలైనోళ్లని ఏం చేస్తారన్నా?

#25 సీతమ్మధార_సూరి

అంకెల్లో ఫెయిలైతే రెండు వారాలు అంకెలే మళ్లీ. నటించి ఫెయిలైతే నేనైతే గేటుకు పంపను తమ్ముడూ.

#26 అక్కయ్యపాలెం_అనసూయ

ప్రసాద్ గారూ, 9వ వారంలో అరబిక్ గుంపుకు ఒకటి చేర్చండి. నెలల పేర్లు దేశాన్ని బట్టి మారతాయి. జనవరి కైరోలో "యనాయిర్", డమాస్కస్, బాగ్దాద్‌లలో "కానూన్ అథ్థానీ". అక్కడే డిసెంబరు "కానూన్ అల్ అవ్వల్". అంటే "కానూన్" అని సగం విని రాసుకుంటే ఏ నెలో తేలదు.

#27 ఎంవీపీ_ప్రసాద్

చేర్చానండీ. "కానూన్" చూసి మావాళ్లు చట్టం అనుకుంటారేమో, అది కూడా పక్కన రాయిస్తా.